అధికారి తప్పు చేస్తే అడిగేదెవరు?
కోయిలకుంట్ల సబ్‌జైలు నుంచి అమెరికాలోని ఫార్మింగ్టన్ దాకా

నంద్యాల, ఆళ్ళగడ్డ, బనగానపల్లె ప్రాంతాల్లో నేడు ఏ మొహల్లాకు వెళ్ళినా పిల్లల్ని పరదేశం పంపిన ఇల్లు ఒకటైనా కనిపిస్తుంది. ఒకప్పుడు పరదేశమంటే గల్ఫ్ ఒక్కటే. కువైట్‌లో డ్రైవరు పని, రియాద్‌లో మేస్త్రీ పని. ఇప్పుడు ఎం.ఎస్. చదువు పేరుతో అమెరికా కూడా ఆ వరుసలో చేరింది. యాగంటి దారిలో నాపరాళ్ళ గనుల్లో చెమటోడ్చి కొడుకును ఇంజనీరింగు చదివించిన ఒక తండ్రి ఈ మధ్య నన్నొక మాట అడిగాడు. "మౌల్సాబ్, అక్కడ ఇమిగ్రేషనోళ్ళు పట్టుకుంటే మా పిల్లోడు వకీలును పెట్టుకుంటాడు, సరే. తప్పు ఆ ఆఫీసరుదే అయితే? ఆయన్ని అడిగేదెవరు?"

ఈ ప్రశ్న చిన్నది కాదు. తెలుగులో మనం 'జవాబుదారీ' అంటాం. అది మన ఉర్దూ నుంచి తెలుగులోకి నడిచివచ్చిన మాట. జవాబు చెప్పవలసినవాడు అని దాని అర్థం. కాని చట్టం పుస్తకం తెరిస్తే, జవాబు చెప్పవలసినవాణ్ణి కాపాడే నిబంధనలే ముందుగా ఎదురవుతాయి. వాటిని దాటి సర్కారును కోర్టు మెట్లెక్కించిన ఒక ప్రసిద్ధమైన కేసు మన నేల మీదే పుట్టింది. కనుక అమెరికా సంగతి చూసే ముందు కోయిలకుంట్లలో కాసేపు ఆగుదాం.

ఏడో నంబరు గది

1977 మే నెల. అవుకు పోలీసు స్టేషనులో నమోదైన ఒక క్రిమినల్ కేసులో చల్లా చిన్నపరెడ్డి, ఆయన కుమారుడు చల్లా రామకృష్ణారెడ్డి రిమాండు ఖైదీలుగా కోయిలకుంట్ల సబ్‌జైలు ఏడో నంబరు గదిలో ఉన్నారు. మే 5వ తేదీ రాత్రి దాటి 6వ తేదీ తెల్లవారుజామున మూడున్నర ప్రాంతంలో కొందరు జైలు ఆవరణలోకి చొరబడి ఆ గదిలోకి బాంబులు విసిరారు. తీవ్రంగా గాయపడిన తండ్రి ఆ తరువాత కర్నూలు ప్రభుత్వాసుపత్రిలో మరణించాడు. కొడుకు గాయాలతో బయటపడ్డాడు. ఈయనే తరువాతి కాలంలో కోయిలకుంట్ల ఎమ్మెల్యే అయ్యాడు.

ఆ ప్రాంతపు కక్షల గురించి పాఠకులకు నేను చెప్పనవసరం లేదు. ఆ కక్షలో ఎవరి పక్షం న్యాయమైనదన్నది ఇక్కడ మన విషయమూ కాదు. మనిషిని తాళం వేసి లోపల పెట్టింది సర్కారు. తనంతట తాను పారిపోయే వీలు కూడా లేని మనిషిని కాపాడవలసింది ఎవరు? ప్రాణభయం ఉందని చెప్పినా తగిన కాపలా పెట్టలేదన్నది కుటుంబం ఫిర్యాదు. తల్లి, కొడుకులు కలిసి పది లక్షల రూపాయల నష్టపరిహారం కోరుతూ రాష్ట్ర ప్రభుత్వం మీద దావా వేశారు.

సర్కారు తరఫున రెండు వాదనలు వచ్చాయి. దావా గడువు దాటిపోయిందన్నది ఒకటి. జైళ్ళు నడపడం, శాంతిభద్రతలు చూడడం రాజ్యం తన సార్వభౌమాధికారంతో చేసే పని, అందులో పొరపాటు జరిగినా పరిహారం అడగరాదన్నది రెండవది. ఈ రెండో వాదనకు అప్పటికే సుప్రీంకోర్టు తీర్పు అండగా ఉంది. 1947లో మీరట్ పోలీసులు ఒక నగల వ్యాపారిని అనుమానం మీద పట్టుకొని అతని బంగారాన్ని మాల్‌ఖానాలో పెట్టారు. నూటమూడు తులాల పైచిలుకు బంగారం. దానికి కాపలా ఉన్న హెడ్ కానిస్టేబులే ఆ బంగారంతో పాకిస్తాన్ పారిపోయాడు. వ్యాపారి కోర్టుకెక్కితే, అరెస్టు చేయడం, సొత్తు స్వాధీనం చేసుకోవడం సార్వభౌమ విధులు గనుక ప్రభుత్వం బాధ్యురాలు కాదని 1964లో సుప్రీంకోర్టు చెప్పింది. బంగారం పోయింది, మనిషి నిర్దోషి, పోగొట్టింది పోలీసు. అయినా రావలసింది సున్నా! న్యాయమూర్తులకు కూడా ఆ తీర్పు మింగుడు పడలేదు. చట్టం మార్చుకోండని పార్లమెంటుకు సలహా ఇచ్చి ఊరుకున్నారు. పార్లమెంటు మార్చలేదు.

కోయిలకుంట్ల దావాను కింది కోర్టు గడువు దాటిందని కొట్టివేసింది. హైకోర్టు దాన్ని తిరగరాసి లక్షా నలభై నాలుగు వేల రూపాయలు వడ్డీతో చెల్లించమంది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2000 ఏప్రిల్‌లో జస్టిస్ సగీర్ అహ్మద్, జస్టిస్ వాధ్వాల ధర్మాసనం ప్రభుత్వం అప్పీలును తోసిపుచ్చింది. ఖైదీ అయినంత మాత్రాన మనిషి మనిషి కాకుండా పోడని, రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన ప్రాణహక్కు ముందు సార్వభౌమాధికారం అనే పాత వాదన నిలవదని తేల్చింది. గడువు విషయంలోనూ సర్కారుకు ఊరట దొరకలేదు. చట్టప్రకారం చేసిన పనికి ఉండే ఏడాది గడువు, నిర్లక్ష్యానికి వర్తించదన్నారు.

పది లక్షలు అడిగితే లక్షన్నర కూడా రాలేదు. తండ్రి చనిపోయిన ఇరవై మూడేళ్ళకు ఆఖరి తీర్పు వచ్చింది. ఇది విజయమా అంటే, కుటుంబానికి ఎంత విజయమో చెప్పలేం. దేశానికి మాత్రం ఆ తలుపు తెరుచుకుంది. 1993లో ఒడిశాకు చెందిన ఒక తల్లికి పోలీసు కస్టడీలో పోయిన కొడుకు విషయంలో లక్షన్నర పరిహారం ఇప్పించిన తీర్పు, ఆ తరువాత ఈ కోయిలకుంట్ల తీర్పు - నేడు లాకప్ మరణాల కేసుల్లో వకీళ్ళు ఈ రెంటినీ తప్పక ఎత్తుకుంటారు.

అదే ఏడాది జనవరిలో జస్టిస్ సగీర్ అహ్మదే రాసిన మరో తీర్పు మన విషయానికి ఇంకా దగ్గరగా ఉంటుంది. 1998లో హౌరా స్టేషనులో రైలు కోసం వచ్చిన ఒక బంగ్లాదేశ్ మహిళపై రైల్వే సిబ్బందితో సహా కొందరు అత్యాచారం చేశారు. ఆమె పరాయి దేశస్థురాలు, పైగా నేరం చేసింది సిబ్బందే గాని రైల్వే కాదు అని రైల్వేబోర్డు వాదించింది. 21వ అధికరణంలో ఉన్నది 'పౌరుడు' అనే మాట కాదు, 'వ్యక్తి' అనే మాట అని కోర్టు గుర్తు చేసింది. పది లక్షల పరిహారాన్ని ఖాయం చేసింది. పరదేశి అయినంత మాత్రాన ప్రాణానికీ మానానికీ విలువ తగ్గదు. మన పిల్లలు పరదేశంలో ఉన్నప్పుడు మనం కోరుకునేదీ ఈ మాటే కదా!

నియ్యత్ అనే కవచం

సర్కారు డబ్బు చెల్లించడం వేరు, తప్పు చేసిన అధికారి తానే బోనెక్కడం వేరు. ఈ రెండో దారి ఎక్కడైనా ఇరుకే.

మన దేశంలో విదేశీయుల వ్యవహారాలు చూసిన 1946 నాటి చట్టం 15వ సెక్షన్, సద్భావంతో పనిచేసిన ఏ అధికారిపైనా దావా గాని, క్రిమినల్ కేసు గాని చెల్లదని చెప్పింది. ఇలాంటి నిబంధన మన చట్టాల్లో పదుల కొద్దీ ఉంది. సద్భావం అంటే మన భాషలో నేక్ నియ్యత్. మదర్సాలో హదీసు పాఠం మొదలయ్యేదే నియ్యత్‌తో. అయితే నియ్యత్ గుండెలో ఉంటుంది, అది అల్లాహ్‌కు తెలుసు. కోర్టుకు సాక్ష్యం కావాలి. ఆ సాక్ష్యం ఉండే కాగితాలన్నీ అధికారి బీరువాలోనే ఉంటాయి. చిక్కంతా అక్కడే.

పౌరుడిని విదేశీయుడని అనుమానిస్తే, కాదని రుజువు చేసుకునే భారం కూడా ఆ చట్టం అతని నెత్తినే పెట్టింది. 2025 సెప్టెంబరు 1న అమలులోకి వచ్చిన కొత్త ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం పాత చట్టాన్ని రద్దు చేసింది గాని ఆ భారాన్ని మాత్రం అలాగే ఉంచింది. దీనికి ఒక హద్దు సుప్రీంకోర్టు 2024 జూలైలో గీసింది. అస్సాంలో విదేశీయుడని ముద్రపడిన ఒక ముస్లిం కేసులో, ఏ ఆధారమూ చూపకుండా దారినపోయేవాణ్ణి పట్టుకొని నీ పౌరసత్వం నిరూపించుకో అనడానికి వీల్లేదని కోర్టు చెప్పింది. ముందు అధికారి చేతిలో ఏదో ఒక సమాచారం ఉండాలి, దాన్ని అవతలివాడికి ఇవ్వాలి. పేరు స్పెల్లింగులో, తేదీలో చిన్న తేడాలున్నంత మాత్రాన ముద్ర వేయరాదన్నారు. తీర్పు వచ్చేసరికి ఆ మనిషి లోకంలో లేడు.

క్రిమినల్ కేసుకు మరో అడ్డు ఉంది. ఉద్యోగ విధిలో చేసిన పనికి అధికారిపై కోర్టు విచారణ చేపట్టాలంటే ప్రభుత్వం ముందస్తు అనుమతి కావాలి. ఇది పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 197వ సెక్షన్, 2024 జూలై నుంచి కొత్త సంహితలో 218వ సెక్షన్. కొత్తదానిలో ఒక మేలు జరిగింది: 120 రోజుల్లో ప్రభుత్వం ఏదీ తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. ఏళ్ళ తరబడి ఫైలు కదలకుండా కూర్చోబెట్టే పాత అలవాటుకు ఇది మందు.

నంద్యాల పాఠకులు ఈ మాటలు చదువుతూ 2020 నవంబరును తలచుకోకుండా ఉండలేరు. చేయని దొంగతనం ఒప్పుకోమని పోలీసులు వేధిస్తున్నారని సెల్ఫీ వీడియోలో చెప్పుకొని, ఒక ఆటో డ్రైవరు కుటుంబం - భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు - పాణ్యం దగ్గర రైలు కింద ప్రాణాలు విడిచింది. వీడియో బయటికి వచ్చి జనం రోడ్డెక్కాక ఒక సీఐని, ఒక హెడ్ కానిస్టేబుల్‌ను అరెస్టు చేశారు. వెంటనే బెయిలు వచ్చింది. బెయిలు రద్దు చేయమని ప్రభుత్వమే కోర్టుకు వెళ్ళవలసి వచ్చింది. వీడియో లేకపోయి ఉంటే ఏమయ్యేదో పాఠకులే ఊహించుకోవచ్చు.

సర్కారే నడిపిన నకిలీ యూనివర్సిటీ

ఇక ఆ తండ్రి అడిగిన అమెరికా సంగతి. అక్కడ ఇమిగ్రేషను అధికారుల చేతిలో తెలుగు పిల్లలు చిక్కిన పెద్ద ఘటన ఫార్మింగ్టన్ యూనివర్సిటీ. మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్ నగర శివారున ఒక ఆఫీసు భవనంలో 2015లో దీన్ని స్థాపించారు. వెబ్‌సైటు ఉంది, ముద్ర ఉంది, ప్రభుత్వం ఆమోదించిన విద్యాసంస్థల జాబితాలో పేరు కూడా ఉంది. లేనివి రెండే - పాఠాలు, పంతుళ్ళు. దాన్ని నడిపింది అమెరికా ఇమిగ్రేషను శాఖ రహస్య ఏజెంట్లు.

2019 జనవరి ఆఖరున వల బిగించారు. విద్యార్థులను చేర్చిన ఎనిమిది మంది మధ్యవర్తులపై నేరం మోపారు. మొదటి విడత పట్టుబడిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, అందులో అధికులు మన తెలుగు రాష్ట్రాలవారు. ఆ ఏడాది చివరికి అరెస్టుల సంఖ్య 250 దాకా చేరింది. ఢిల్లీలో మన విదేశాంగ శాఖ అమెరికా రాయబార కార్యాలయానికి నిరసన పత్రం ఇచ్చింది.

తరగతులు ఉండవని తెలిసే, వీసా నిలుపుకోవడానికి డబ్బు కట్టారన్నది అక్కడి ప్రభుత్వం మాట. కొందరి విషయంలో అది నిజం కావచ్చు. మధ్యవర్తుల మాటలకు ఆశపడి, తెలిసీ తెలియక చేరినవారు మన ఊళ్ళలో ఉన్నారు, దాచుకోవలసిన పని లేదు. కాని ప్రభుత్వ జాబితాలో పేరు చూసి నిజమని నమ్మినవాడి మాటేమిటి? ఒక్కో టర్ముకు రెండున్నర వేల డాలర్ల చొప్పున ఫీజు పుచ్చుకున్నది సర్కారే. పాఠం చెప్పనిదీ సర్కారే. డబ్బు తిరిగి ఇవ్వనిదీ సర్కారే!

ఒక తెలుగు విద్యార్థి ఈ మాటే పట్టుకొని కోర్టుకు వెళ్ళాడు. ఏజెంటు తనను మోసం చేశాడని ఏజెంటుపై వేయలేదు. "చదువు చెబుతామని డబ్బు తీసుకున్నారు, చెప్పలేదు, ఒప్పందం తప్పారు" అని అమెరికా ప్రభుత్వం మీదే వేశాడు. కింది కోర్టు 2022లో కొట్టివేసింది. కారణం పాఠకులకు ఎక్కడో విన్నట్టుంటుంది: నేరాలు పట్టుకోవడం సర్కారు సార్వభౌమ విధి, అందులో చేసుకున్న ఒప్పందానికి సర్కారును కోర్టుకీడ్చలేరు! కోయిలకుంట్లలో మన ప్రభుత్వం చెప్పిన వాదన సముద్రం దాటి మళ్ళీ వినిపించింది. 2024 జూన్‌లో వాషింగ్టన్‌లోని ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ తీర్పును రద్దు చేసింది. ఒప్పందం పేరుతో డబ్బు తీసుకున్నాక, అది రహస్య పరిశోధనలో భాగమన్న కారణం ఒక్కటి చూపి కోర్టు తలుపు మూయలేరని చెప్పింది. ఆ విద్యార్థి కేసు గెలిచాడని దీని అర్థం కాదు. విచారణకు అర్హమైనదని మాత్రమే.

ఆ ఏజెంట్ల మీదే వ్యక్తిగతంగా కేసు వేసి ఉంటే? దాదాపు నిశ్చయంగా మొదటి మెట్టు మీదే ఆగిపోయేది. అమెరికాలో రాష్ట్ర పోలీసు గాని, ఊరి పోలీసు గాని హక్కు కాలరాస్తే దావా వేయడానికి 1871 నాటి చట్టం ఉంది. అక్కడ కూడా, ఆ పని తప్పని అంతకుముందే తీర్పుల్లో స్పష్టంగా తేలి ఉంటేనే అధికారి చిక్కుతాడు. ఫెడరల్ అధికారుల కోసమైతే ఆ మాత్రం చట్టం కూడా లేదు. ఇమిగ్రేషను అధికారులందరూ ఫెడరల్ ఉద్యోగులే. బ్రూక్లిన్‌లో వారంటు లేకుండా ఒక ఇంట్లో జొరబడిన మాదకద్రవ్యాల శాఖ ఏజెంట్ల కేసులో 1971లో సుప్రీంకోర్టే సొంతంగా ఒక దారి వేసింది. ఆ తరువాత తానే దాన్ని అంగుళం అంగుళం పూడ్చుకుంటూ వచ్చింది.

పూడ్చిన తీర్పుల్లో ఒకటి ముస్లింలకు సంబంధించినది. 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత 762 మందిని ఇమిగ్రేషను నిబంధనల పేరుతో పట్టి నిర్బంధించారని ఆ దేశపు న్యాయశాఖ ఇన్‌స్పెక్టర్ జనరలే 2003లో నివేదిక ఇచ్చారు. బ్రూక్లిన్ జైలులో ఉంచినవారిని కొట్టారని, తిట్టారని కూడా అందులో ఉంది. ఆ జైలు గదుల్లోనే మన హైదరాబాదుకు చెందిన ఇద్దరు యువకులు ఉన్నారు. సెప్టెంబరు 12న టెక్సాస్‌లో రైలులో పోతుండగా వారిని పట్టుకున్నారు. ప్రపంచమంతా వారి పేర్లు మారుమోగాయి. చివరికి ఉగ్రవాదం కేసు ఏదీ వారిపై పెట్టలేదు. క్రెడిట్ కార్డు మోసం నేరం ఒప్పుకొన్నాక ఇండియాకు పంపివేశారు. ఆ జైలులో మగ్గిన మరికొందరు ముస్లింలు పైస్థాయి అధికారుల మీద వేసిన కేసును 2017లో సుప్రీంకోర్టు నాలుగు - రెండు మెజారిటీతో దాదాపు పూర్తిగా తోసిపుచ్చింది. 2020లో సరిహద్దుకు అవతల ఉన్న పదిహేనేళ్ళ మెక్సికో బాలుణ్ణి కాల్చిన అధికారిపై తల్లిదండ్రుల దావా పోయింది. 2022లో కెనడా సరిహద్దు దగ్గర, టర్కీ నుంచి వచ్చిన అతిథిని ప్రశ్నించబోయి హోటలు యజమానిని నేలకేసి కొట్టాడన్న అధికారిపై దావా పోయింది. ఆ యజమాని అమెరికా పౌరుడే!

అయితే అధికారికి సంపూర్ణ రక్షణ ఉందన్న మాట సరికాదు. 1889లో కాలిఫోర్నియాలో సుప్రీంకోర్టు జడ్జికి కాపలాగా వెళ్ళిన ఫెడరల్ అధికారి, జడ్జిపై చేయిచేసుకున్న వ్యక్తిని కాల్చి చంపాడు. రాష్ట్రం పెట్టిన హత్యకేసు నుంచి 1890లో సుప్రీంకోర్టు అతన్ని విడిపించింది. అప్పటి నుంచి నడుస్తున్న సూత్రం ఒకటే: తనకు చట్టం అప్పగించిన పని చేస్తూ, అందుకు అవసరమైనంత మేరకే చేసినవాడికి రక్షణ. అవసరానికి మించి చేసినవాణ్ణి రాష్ట్రం విచారించవచ్చు. ఆచరణలో అలాంటి కేసులు అరుదు.

తెరిచి ఉన్న తలుపులు

నష్టపరిహారం రాబట్టడం కష్టం, కాని తప్పుడు ఉత్తర్వును ఆపించడం అంతకంటె సులువు. 2025 వసంతంలో వేలమంది విదేశీ విద్యార్థుల రికార్డులను ఉన్నట్టుండి రద్దు చేశారు. వారిలో మన తెలుగు పిల్లలూ చాలామంది ఉన్నారు. విద్యార్థులు ఎక్కడికక్కడ కోర్టులకు వెళ్ళారు, జడ్జీలు తాత్కాలికంగా ఆపివేశారు. ఏప్రిల్ 25న ప్రభుత్వమే రికార్డులు పునరుద్ధరిస్తున్నామని కోర్టుకు చెప్పుకుంది. అదే ఏడాది మార్చిలో ముసుగు ధరించిన అధికారులు పట్టుకుపోయిన జార్జ్‌టౌన్ యూనివర్సిటీలోని ఒక భారతీయ ముస్లిం పరిశోధకుణ్ణి రెండు నెలల తరువాత వర్జీనియా జడ్జి విడుదల చేయించారు. అతణ్ణి అప్పటికే టెక్సాస్ జైలుకు తరలించారు. వకీలు ఆలస్యం చేయకుండా వర్జీనియాలోనే పిటిషను వేసి ఉండడం అక్కడ అక్కరకు వచ్చింది. కనుక పిల్లవాణ్ణి పట్టుకున్నారని ఫోను రాగానే మొదట అడగవలసింది, ఏ ఊరిలో ఉంచారు, వకీలు పిటిషను వేశాడా అని.

డబ్బు రూపంలో పరిహారానికి 1946 నాటి చట్టం ఒకటి ఉంది. ఫెడరల్ ఉద్యోగి తప్పుకు ప్రభుత్వం మీద దావా వేయవచ్చు. 1973లో ఇల్లినాయ్ రాష్ట్రంలో పొరపాటు ఇళ్ళ మీద దాడులు జరిగాక, అక్రమ అరెస్టు, దెబ్బలు కూడా దాని కిందికి తెచ్చారు. 2017లో అట్లాంటాలో ఎఫ్.బి.ఐ. ఒక ఇంటికి బదులు మరో ఇల్లు పగలగొట్టింది. ఆ ఇంటివారి దావాను కింది కోర్టులు మూసేస్తే 2025 జూన్‌లో సుప్రీంకోర్టు మళ్ళీ తెరిపించింది. అయితే ఆ దారిలో గడువు కఠినం. ఘటన జరిగిన రెండేళ్ళలోగా, ఎంత సొమ్ము కావాలో అంకెతో సహా ఆ శాఖకు రాతపూర్వకంగా ఇవ్వాలి. వారు కాదంటే ఆరునెలల్లో కోర్టుకు వెళ్ళాలి. ఫార్మింగ్టన్ లాంటి ఒప్పందం కేసులకు గడువు ఆరేళ్ళు.

ఇమిగ్రేషను కోర్టులో వకీలును పెట్టుకునే హక్కు ఉంది గాని ఖర్చు మనదే. భారత కాన్సులేటుకు కబురు పంపమని అడిగే హక్కు 1963 వియన్నా ఒప్పందం ప్రకారం ఉంది. స్వచ్ఛందంగా దేశం విడిచిపోతానన్న కాగితం మీద, వకీలు చూడకముందే చాలామంది పిల్లలు భయంతో సంతకం చేసేస్తారు. ఆ సంతకం తరువాత మిగతా తలుపులు చాలావరకు మూసుకుంటాయి.

పిల్లవాడు విమానం ఎక్కే ముందే పాస్‌పోర్టు, వీసా, యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20 పత్రాల నకళ్ళు ఇంట్లో ఒక సెట్టు ఉంచుకోవాలి. ఫీజు కట్టిన ప్రతి రసీదు, యూనివర్సిటీ నుంచి వచ్చిన ప్రతి ఉత్తరం దానికి జతచేస్తూ పోవాలి. ఎవరైనా అధికారి ఆపి ప్రశ్నిస్తే తేదీ, గంట, చోటు, బ్యాడ్జి మీది నంబరు అదే రోజు రాసి ఇంటికి పంపమనాలి.